విజయవాడ కేంద్రం, మా ఊరి అరుగు

ఆకాశవాణి విజయవాడ కేంద్రం గురించిన ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు ముందు వెనకాడాను. నేను ఆకాశవాణిలో ఉద్యోగం చేసినదాన్ని కాను. మైకు ముందు ఒక్క మాట మాట్లాడిందీ లేదు. దివిసీమలో ఒక పల్లెటూరి బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. "విన్నవాళ్లు కూడా ఒకరు రాయాలి కదమ్మా" అన్నారు. ఆ మాట కాదనలేకపోయాను. ఆ కేంద్రం డెబ్బై అయిదేళ్ల చరిత్రలో సగం విజయవాడ పున్నమ్మతోటలోని దాని ఆవరణలో జరిగితే, మిగతా సగం మా ఇళ్లలో, మా అరుగుల మీద జరిగింది. ఆ రెండో సగం నాకు తెలుసు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆకాశవాణి కేంద్రాలు మన వంతుకు ఆరే మిగిలాయి: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, లక్నో, తిరుచిరాపల్లి. వాటిలో తెలుగుగడ్డ మీద ఒక్కటీ లేదు. హైదరాబాదులో నిజాం ఏలుబడి కింద దక్కన్ రేడియో నడిచేది, 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. కోస్తా జిల్లాలవాళ్లకు తెలుగు మాట, తెలుగు పాట మద్రాసు నుంచి రావాల్సిందే, అదీ అరవ కార్యక్రమాలతో సమయం పంచుకుంటూ. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలైంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. మాకు రాష్ట్రం రావడానికి దాదాపు అయిదేళ్ల ముందే గొంతు వచ్చింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మా ఊళ్లో రేడియో మొదట పంచాయతీది. దాని కోసం చందా ఇచ్చినవాళ్లను తలుచుకోవడం నా విధి: రైసుమిల్లు ఆసామి, కరణంగారు, గ్రంథాలయం నడిపిన హిందీ మాస్టారు, ధాన్యం రూపంలో ఇచ్చిన ఇద్దరు పెద్దరైతులు, కర్రలిచ్చిన వెదురుతోట యజమాని, ఒకరోజు కూలి వదులుకుని తీగ కట్టిన నలుగురు. చందా పుస్తకంలో వీళ్లలో కొందరి పేర్లు లేవు, అందుకే పనులతో చెప్తున్నాను. రెండు వెదురుగడల మధ్య రాగితీగ బిగించారు. ఇంకో తీగను తడినేలలో పాతారు. పెద్ద బ్యాటరీ, లోపల వాల్వులు. మీట తిప్పాక అవి వేడెక్కేదాకా మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. లైసెన్సు రుసుము పోస్టాఫీసులో ఏటా కట్టాల్సి వచ్చేది. అది గడువు తప్పకుండా కట్టినవారు హిందీ మాస్టారు. నాకు ఊహ తెలిశాక నేను చూసిన మొదటి పెద్దమనిషి ఆయనే. సాయంత్రం అరుగు చిమ్మి, దీపం వెలిగించి, సెట్టు మీద కప్పిన పువ్వుల గుడ్డ మడతపెట్టి, అప్పుడు మీట తిప్పేవారు. పాట నచ్చలేదని ఎవరైనా గొణిగితే "వినండి, వింటే తెలుస్తుంది" అనేవారు. సంగీతం గురించి ఆయన మాకు చెప్పిన పాఠమంతా ఆ ఒక్క మాటే.

మా ప్రాంతంలో విజయవాడ ఎంత స్పష్టంగా వినిపించేదో బయటివాళ్లు నమ్మరు. మీడియం వేవ్ పగటిపూట నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. ఉప్పుతడి ఉన్న డెల్టా నేల దానికి మంచి దారి. రాత్రయితే దూరపు స్టేషన్లు ఆకాశం మీదుగా వచ్చి పడి గొడవ చేస్తాయి. పగలు మాత్రం 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు పెడితే అక్కడే ఇంట్లో కూర్చుని పాడినట్టుండేది.

ఆ రోజుల్లో ఒక దినం ఎలా గడిచేదో వరసగా చెప్తాను. 1976 నాటి ఒక శనివారం అనుకోండి. అప్పటికి మా ఇంట్లోనే ట్రాన్సిస్టర్ ఉంది.

ఇంకా తెల్లవారకముందే తంబుర శ్రుతి మీద వయొలిన్ మోగేది. బొంబాయి కేంద్రంలో పనిచేసిన వాల్టర్ కాఫ్‌మన్ అనే చెక్ దేశపు సంగీతజ్ఞుడు కూర్చిన వాద్యం అది. మా నాయనమ్మకు ఆయన పేరు తెలియదు. ఆ వయొలిన్ వినబడితే పొయ్యి రాజేసేది, అంతే. వందేమాతరం, మంగళవాద్యం, తరవాత భక్తిరంజని. అష్టపదులు, తరంగాలు, తత్వాలు, రామదాసు కీర్తనలు, ఆదివారమైతే సూర్యుడికి మేలుకొలుపు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు. ఈ గొంతులు మా ఇంట్లో పాలు పితికే చప్పుడుతో కలిసి వినబడేవి. ఊళ్లో బిచ్చగాళ్లు పాడుకునే తత్వాలను కచేరీ విద్వాంసులు అంత శ్రద్ధగా పాడతారని అప్పటిదాకా ఎవరమూ అనుకోలేదు. భక్తిరంజని చేసిన పెద్ద పని అదేనని నా అభిప్రాయం. వాకిట్లో వినబడే పాట సభకెక్కింది.

6:55కి ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు. 1974లో మొదలయ్యాయి. అర్థమయ్యేది తక్కువే అయినా బలదేవానంద సాగర్ గొంతులో ఆ భాష నడక వింటూ జడ వేసుకునేదాన్ని. 7:05కి తెలుగు వార్తలు. ఆ సమయానికి వీధిలో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా ఒకే వార్త తెగకుండా వినబడేది. వార్తలయ్యాక బడికి వెళ్లే తొందర. ఆ తొందరలోనే శాస్త్రీయ సంగీతం. నా చదువు అక్కడే మొదలైంది.

మా నాన్నకు చిల్లర కొట్టు. "ఆడపిల్లకు పాట నేర్పితే పెళ్లయ్యాక ఎక్కడ పాడుతుంది" అని నన్ను మేస్టారి దగ్గర చేర్పించలేదు. ఊళ్లో మేస్టారూ లేరనుకోండి. కొట్లో వాడగా మిగిలిన పొడుగు పద్దుపుస్తకం ఒకటి తెచ్చుకుని అనౌన్సరు చెప్పింది రాసుకునేదాన్ని: త్యాగరాజ కృతి, ఖరహరప్రియ రాగం, ఆది తాళం. అనౌన్సరు చెప్పే ఆ ఒక్క వాక్యమే నాకు పాఠం. పాడేవారి పేరు, వయొలిన్, మృదంగం ఎవరో కూడా రాసేదాన్ని. అన్నవరపు రామస్వామిగారి పేరు, దండమూడి రామమోహనరావుగారి పేరు ఆ పుస్తకంలో ఎన్నిసార్లు ఉన్నాయో లెక్కపెట్టలేను. పక్కవాద్యం వాయించినవారి పేరు ప్రతిసారీ చెప్పాలన్న మర్యాద నాకు రేడియోనే నేర్పింది. దర్బారుకూ నాయకికీ తేడా పట్టుకోవడానికి నాకు పదేళ్లకు పైగా పట్టింది. పట్టుకున్న రోజున బడి నుంచి ఇంటికి వస్తూ కాలవగట్టు మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సంగీత శిక్షణ కార్యక్రమం వచ్చాక నాకు నిజంగా గురువు దొరికారు. ఓలేటిగారు పాడిన వాక్యాన్ని వెంట వెంట పాడుకోవాలి. మరో గురువు మల్లిక్‌గారి పాఠాలూ అలాగే విన్నాను. తప్పు పాడితే సరిదిద్దడానికి ఎదురుగా ఎవరూ లేరు. అందుకని పాడటం తగ్గించి వినడం పెంచుకున్నాను. ఓలేటిగారు కాకినాడలో మునుగంటి వెంకటరావు పంతులుగారి దగ్గర, ఆ తరవాత శ్రీపాద పినాకపాణిగారి దగ్గర నేర్చుకున్నారు. ఆ పరంపరలో ఒక చుక్క కాలవ చివర ఉన్న మా ఊరి దాకా వచ్చింది. 1989లో ఓలేటిగారు పోయారని విన్నప్పుడు ఇంట్లోవాళ్లెవరికీ చెప్పకుండా ఆ పూట భోజనం మానేశాను. ఆయన్ను నేను ఎన్నడూ ముఖాముఖి చూడలేదు.

మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమం, సాయంత్రం పాడిపంటలు. పొద్దున కచేరీ పట్టనివాళ్లు కూడా సాయంత్రం అరుగు మీదికి వచ్చేవారు. మారుటేరు, బాపట్ల పరిశోధన కేంద్రాలలో ఏ వరి వచ్చింది, దోమపోటుకు ఏ మందు, ఎంత నీళ్లలో ఎంత కలపాలి అని చెప్తుంటే మా చిన్నాన్న బీడీ ఆర్పేసి వినేవాడు. ఆ తరవాత ఏదో ఒక ప్రసంగం. గ్రహణం ఎందుకు పడుతుంది, పసిపిల్లలకు టీకాలు, వారసత్వ చట్టం, మన శాసనాల లిపి. పావుగంటలో ఒక పండితుడు తనకు తెలిసింది చెప్పి వెళ్లేవాడు. ప్రసంగం అర్థం కాక లేచిపోయినవాళ్లున్నారు, మరునాడు మళ్లీ వచ్చినవాళ్లూ ఉన్నారు. గ్రహణం నాడు గర్భిణిగా ఉన్న మా పెద్దమ్మ కూతురు భయం లేకుండా పెరట్లో తిరిగిందంటే దానికి కారణం ఆ ప్రసంగమే.

రాత్రి 9:30కి జాతీయ సంగీత కార్యక్రమం. 1952లో మొదలైంది. అప్పటి సమాచార ప్రసారశాఖ మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటకు కత్తెర వేసి శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. సినిమా పాట కోసం జనం సిలోన్ రేడియోకు పోయారు. అక్కడి మీనాక్షి పొన్నుదురై గొంతు తెలియని తెలుగువాళ్లు ఆ తరంలో ఉండరు. నేనూ విన్నాను, ఇష్టంగానే విన్నాను. కానీ కేస్కర్ మొండితనం లేకపోతే నాలాంటిదాని చెవిలో భీమ్‌సేన్ జోషి ఎప్పుడు పడేవాడు? కావాల్సింది ఎంచుకునే వీలు మాకు లేదు. వచ్చింది వినడమే. నాకు అబ్బిన సంగీతమంతా అలా అబ్బిందే.

బాలాంత్రపు రజనీకాంతరావుగారి గురించి విడిగా రాయకపోతే ఈ వ్యాసం నిలవదు. 1941లో మద్రాసు కేంద్రంలో చేరి, 1947 ఆగస్టు 15 వేళకు తెలుగులో స్వాతంత్ర్య గీతం రాసి, బాణీకట్టి, టంగుటూరి సూర్యకుమారి చేత పాడించినవారు. తరవాత విజయవాడ కేంద్రానికి నిర్దేశకుడిగా పనిచేశారు. రేడియో ఉద్యోగం చేస్తూనే ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము రాశారు. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పాట రాసేవాడు, బాణీ కట్టేవాడు, పాటల చరిత్ర రాసేవాడు, కార్యాలయం నడిపేవాడు ఒక్కరే కావడం ఏ సంస్థకైనా అరుదైన అదృష్టం. 2018లో తొంభై ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలోనే కన్నుమూశారు. బాలమురళిగారు ఈ కేంద్రంలో సంగీత ప్రయోక్తగా ఉండి, విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల పెట్టినప్పుడు దాని తొలి ప్రధానాచార్యులయ్యారు. వారిద్దరి తరవాత మా ఇంట్లో అంతటి గౌరవం ఉషశ్రీగారిది. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణ, భారతాలు చెప్తుంటే వీధిలో సైకిలు బెల్లు కూడా వినబడేది కాదు.

నాటకాలకు బందా కనకలింగేశ్వరరావు, నండూరి సుబ్బారావు. సాహిత్యానికి జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి, బుచ్చిబాబు. నిలయ విద్వాంసులందరి పేర్లూ రాసే చోటు లేదు. వదిలేసినవారు నన్ను క్షమించాలి.

ఒక ముల్లు ఉంది, అది కూడా చెప్పాలి. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియం మీద నిషేధం ఉంది. గమకాలు పలకవని, అది పరదేశపు పెట్టె అని అప్పటి పెద్దల వాదన. శాస్త్రీయ సంగీతం వరకు ఆ వాదనలో కొంత న్యాయం ఉండవచ్చు. కానీ తెలుగు పద్యనాటకం హార్మోనియం లేకుండా పుట్టి పెరగలేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాటకసమాజానికి ప్రాణం హార్మోనిస్టే. రాత్రి తెల్లార్లూ వేల మందిని కూర్చోబెట్టిన ఆ మనుషులకు రేడియో తలుపు ముప్పై ఏళ్లు మూసుకుపోయింది. తత్వాలను వాకిలి నుంచి సభకు తెచ్చిన సంస్థ చేతిలో ఇది జరిగిందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పైన చెప్పిన రోజులాగే, దివిసీమ మీద తుఫాను పడిన 1977 నవంబర్ 19 కూడా శనివారమే.

తుఫాను వార్త రేడియోలో విన్నాం. గాలివాన అనుకున్నాం. మా ఎరికలో తుఫాను అంటే కొబ్బరిచెట్లు కూలడం, కప్పులు లేవడం. సముద్రం ఊళ్ల మీదికి నడిచి వస్తుందని అనుకోలేదు. సముద్రం ఒడ్డున సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఏమైందో దేశానికంతా తెలుసు. ప్రభుత్వ లెక్కకే పదివేల పైన ప్రాణాలు. మా ఊరు అవనిగడ్డ వైపు కొంచెం మెరకన ఉంది కాబట్టి మేం మిగిలాం. బడి కప్పు సగం పోయింది. మిగిలిన సగం కింద నూట ఎనభై మందిమి ఉన్నాం. కరెంటు లేదు, దారి లేదు, మంచినీళ్లు లేవు. నా ట్రాన్సిస్టర్ ఒక్కటే పనిచేస్తోంది. లోపల ఉన్న బ్యాటరీలే, వేరే లేవు.

హిందీ మాస్టారికి అప్పటికి డెబ్బై దాటాయి. ఆయనే నియమం పెట్టారు. రోజుకు రెండుసార్లు వార్తలు మాత్రమే, అయిదు నిమిషాలు. ఏ దారి తెరిచారు, ఎక్కడ గంజి పోస్తున్నారు, ఎక్కడ కలరా సూదులు వేస్తున్నారు అన్నది విని చెప్పి ఆపేయాలి. వార్త అయిన వెంటనే నేను మీట తిప్పేదాన్ని. తరవాత వచ్చే పాట మొదటి మాట కూడా వినకుండా. బ్యాటరీలను పగలు ఎండలో పెట్టి కాసేపు వాడుకున్నాం. ఊళ్లో చాలామందికి చుట్టాలు కింది ఊళ్లలో ఉన్నారు. నా చుట్టూ మూగి ఒక ఊరి పేరు కోసం చెవులు రిక్కించేవాళ్లు. పేరు వినబడితే ఒక ఏడుపు, వినబడకపోతే ఇంకో ఏడుపు.

తొమ్మిదో రోజు లారీలు వచ్చాయి. బియ్యం, దుప్పట్లు, వాటితోపాటు ఎవరో పుణ్యాత్ములు పంపిన బ్యాటరీలు. మర్నాడు తెల్లవారుజామున మాస్టారు నన్ను లేపి "పెట్టమ్మా" అన్నారు. భక్తిరంజని వస్తోంది. ఒకాయన "ఇప్పుడు పాటలేమిటండీ" అని కోప్పడ్డాడు. ఆయన తప్పు లేదు, కూతుర్నీ అల్లుణ్ణీ పోగొట్టుకున్నాడు. నేను ఆపబోయాను. మూల నుంచి ఒక ముసలమ్మ, కింది ఊరి నుంచి కొట్టుకువచ్చిన మనిషి, "ఉండనీ తల్లీ, తెల్లవారినట్టు తెలుస్తోంది" అంది. ఆపలేదు. ఆ రోజు ఎవరు పాడారో నా పద్దుపుస్తకంలో లేదు. పుస్తకం నీళ్లలో పోయింది. పదిహేనేళ్లకు పైగా రాసుకున్నది.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. రేడియోలో పాఠశాల కార్యక్రమాలు వచ్చేవి. పాట, నాటిక, సైన్సు పాఠం. వాటిని రాసినవారు, చదివినవారు ఎంత శ్రమపడ్డారో విన్నదాన్ని గనక తెలుసు. నేను పనిచేసిన ఒక బడికి ప్రభుత్వం రేడియో సెట్టు ఇచ్చింది. బడి పేరు అనవసరం. ఆ సెట్టు ప్రధానోపాధ్యాయుల గదిలో బీరువాలో తాళంలో ఉండేది. పిల్లలు పాడు చేస్తారని, టైంటేబుల్లో పీరియడ్ లేదని, ఆడిట్ వస్తుందని. అయిదేళ్లు అడిగాను. ఒక్కసారి ఇచ్చారు, అప్పటికి లోపల బ్యాటరీ కారి తుప్పు పట్టింది. తరవాత మా ఇంటి ట్రాన్సిస్టర్ తీసుకెళ్లి చెట్టు కింద వినిపించాను. బయటివస్తువు బడికి తెచ్చానని సంజాయిషీ అడిగారు. కేంద్రం వాళ్లు తమ వంతు చేశారు. పంతుళ్లం మేం పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టలేకపోయాం. ఒక తరం చెవులు అలా పోయాయి. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఆ తరవాతి కాలం గురించి చెప్పాల్సింది తక్కువ. టీవీ వచ్చింది, 1997లో ప్రసార భారతి వచ్చింది, ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చాయి, ఇప్పుడు ఫోనులోనే రేడియో వస్తోంది. పంచాయతీ అరుగు ఉంది గానీ సెట్టు లేదు. 2021లో అన్నవరపు రామస్వామిగారికి, దండమూడి సుమతీ రామమోహనరావుగారికి ఒకే ఏడు పద్మశ్రీలు వచ్చాయని విన్నరోజు ఒక కొత్త నోటుపుస్తకం కొని మొదటి పేజీలో ఆ రెండు పేర్లు రాశాను.

ఈ సంచిక చదివేవారికి ఒక్క మనవి. 1970లు, 80లలో రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టి కచేరీలు, ప్రసంగాలు, సంగీత పాఠాలు పట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఆ క్యాసెట్లు మీ అటకల మీద, పాత ట్రంకుపెట్టెల్లో ఉండే ఉంటాయి. వాటిలో కొన్ని ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. ఇల్లు మారేటప్పుడు పారేయకండి. నీడన ఆరబెట్టి, పైన తేదీ, పాడినవారి పేరు, పక్కవాద్యాల పేర్లు తెలిసినంతవరకు రాసి, పున్నమ్మతోటకు తీసుకెళ్లి ఇవ్వండి.